రాయిలో బుడగలు

ఆవిడ భోజనాల బల్ల మీద ఊదారంగు రాయి ఒకటి పెట్టింది.

“మనసులో బరువు దించేస్తుందటండీ. తలగడ కింద పెట్టుకోమన్నారు.”

భర్త తింటూనే దానివైపు చూశాడు.

“గాజు,” అన్నాడు.

చాలా రోజులుగా ఆయన నోట ఊఁ, ఊహూఁ తప్ప ఇంకో మాట లేదు. కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సెలవొస్తే చాలు, కొడుకును వెంటేసుకుని క్వారీల చుట్టూ తిరిగేవాడు. ఇద్దరూ ఏరి తెచ్చినవన్నీ హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి. కొడుకు ప్రమాదంలో పోయాక ఆయన ఆ బీరువా తాళం తీయలేదు. ఏడవనూ లేదు. కుర్చీలో కూర్చుంటాడు, పెడితే తింటాడు. ఇల్లంతా మొద్దుబారిపోయింది.

ఆవిడేమో మహిమల రాళ్లమ్మే కొట్టుకు అలవాటు పడింది. మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అంటారు. ఈవిడ ఏకంగా రాయినే పట్టుకుంది.

“చదువుకున్నదానివి, ఇదేం పిచ్చక్కా?” అని చెల్లెలు ఫోన్లో చీవాట్లు పెట్టింది. 

తర్వాత నీలంరంగు రాయి వచ్చింది. నిద్ర పట్టిస్తుందట. ఆయన లేచి, గోళ్లరంగు తుడిచే మందులో దూది ముంచి దాన్ని రుద్దాడు. దూది నీలమైంది.

“తెల్లరాయికి రంగేశారు. నిద్ర సంగతేమోగానీ దుప్పటికి మరకలు ఖాయం.”

“అవునా? కొట్టామె ఒట్టేసి చెప్పిందే!”

మూడోసారి గులాబీరంగుది. గుండెకు మంచిదట. ఆయనకు ఒళ్లు మండింది.

“బుద్ధుందా నీకు? ఇన్నేళ్లు నాతో కాపురం చేసి గాజుకీ రాయికీ తేడా తెలీదా? భూతద్దంలో చూడు, లోపలన్నీ గుండ్రటి బుడగలు!”

“నాకేం తెలుసండీ, అసలుది ఎలా ఉంటుందో.”

ఆయన విసురుగా లేచి బీరువా తాళం తీశాడు. స్ఫటికం ముక్క తెచ్చి, దాని మొనతో గులాబీ రాయిని గట్టిగా గీశాడు. గీత పడింది.

“ఇదీ అసలుది. వాడికి దొరికింది. వానలో తడిసి జ్వరం తెచ్చుకుంటావురా అంటే విన్నాడా, వెధవ!”

ఆ తర్వాత చాలాసేపు కొడుకు గురించే చెప్పాడు. ఆవిడ ఎంగిలి కంచాలు తీయకుండా వింటూ కూర్చుంది. మధ్యలో ఆపేశాడు. లేచి, బీరువాకు మళ్లీ తాళం వేసి కుర్చీలో కూర్చున్నాడు. ఇక పలకలేదు.

మర్నాడు ఆవిడ మళ్లీ కొట్టుకు వెళ్లింది.

“రండి మేడమ్, మీకోసమే తీసిపెట్టా,” అంది కొట్టామె. “నేరుగా గనిలోంచి వచ్చింది. దీంతో మీవారికి నయమైపోతుంది.”

ఆవిడ రాయిని వెలుతురుకు ఎత్తి తిప్పి చూసింది. చెంపకు ఆనించుకుంది, గాజులా కాక చల్లగా తగిలింది. తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

“ఇది అసలైనదేనండీ, దీన్ని చూస్తే మావారు నోరు మెదపరు, మొన్నటిలాంటి గాజుముక్కే ఏదైనా ఇవ్వండి.”