తెరుచుకునే రూపాయి

"ఇట్టా తిప్పు నాయనా" అన్నాడు ముసలాయన.

సుబ్బు తిప్పాడు. పాతకాలపు పెద్ద రూపాయి బిళ్ళ డబ్బా మూతలా రెండుగా ఊడొచ్చింది. లోపల గోరంత రాగిరేకు. దాని మీద సుబ్బు వాళ్ళన్న గంగులయ్య పేరు, ఊరు, ఫోన్ నంబరు చెక్కి ఉన్నాయి.

"మీ అన్న మొలతాటికి కట్టించు. చుక్క నీళ్ళు పోవు లోపలికి."

"ఎంత తాతా?"

"ఏం వద్దు."

ఊరికే ఇచ్చేవాణ్ణి నమ్మే రకం కాదు సుబ్బు. ముసలాయన పేరు సమాధానమట. కృష్ణపట్నంలో లేత్ మిషన్ మీద పనిచేసి మానేశాడట. పడవలున్న ప్రతి పల్లెకూ పోయి, సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ పేర్లడిగి మరీ బిళ్ళలు చేసిస్తాడు. ఎందుకయ్యా అంటే నవ్వి ఊరుకుంటాడు.

కట్టించే ముందు సుబ్బు దాన్ని ఫొటో తీసి పాత నాణేల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రెండో రోజు నెల్లూరు నుంచి ఆ గ్రూపులోని విజయభాస్కర్ గారి ఫోను.

"అబ్బా, ఏం పనితనమయ్యా! అతుకే కనపడలా. నాణెంతో చేసిన లైటరుంది నా దగ్గర, గడియారముంది. డబ్బా మాత్రం లేదు. అడిగినంత ఇస్తా. లోపల పేరున్న రేకు మాత్రం తీసెయ్."

గంగులయ్య వల కుట్టుకుంటున్నాడు. అడగ్గానే మొలతాడు విప్పాడు.

"తీసుకోరా. కూర్చుంటే గుచ్చుకుంటా ఉండాది."

రాగిరేకు ఇసకలో పడింది. వచ్చిన డబ్బుతో సుబ్బు అన్నకు నీలం జెర్సీ కొన్నాడు, తను బిరియానీ తిన్నాడు. పడవలో అన్నకు జతగాడైన హజరత్తయ్యను కూడా బిళ్ళ అడిగాడు.

"నా పేరుండేది నీకెందుకిస్తా? పో పో" అన్నాడు హజరత్తయ్య.

వారానికి ముసలాయన మళ్ళీ వచ్చాడు.

"మీ అన్న బిళ్ళ యాడబ్బయా?"

"పోయింది."

"దానికేముంది, రేపే ఇంకోటి చేసుకొస్తా."

అమ్ముకున్న సంగతి ఎక్కడ బయటపడుతుందోనని సుబ్బు గొంతు పెంచాడు.

"బతికుండే మనిషి పేరు చెక్కి మొలకు కడతావా? చేతబడి చేస్తన్నావా ఏంది? ఇంకోసారి మా పల్లెలో కాలు పెట్టినావంటే మర్యాదగా ఉండదు!"

చేతబడి అన్న మాట చాలు. సుబ్బు తల్లి పేరమ్మ బయటికొచ్చి నానా శాపనార్థాలు పెట్టింది. ముసలాయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. గంగులయ్య, హజరత్తయ్య వెళ్ళిన పడవ తిరగబడింది.

మూడో రోజు హజరత్తయ్య ఇంటికి పోలీసుల ఫోను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం మొహం చేపలు తినేశాయి. మొలతాటి బిళ్ళలో రేకు చూసి కబురు చేశారు. శవం ఇల్లు చేరింది.

"నా బిడ్డను గూడా తెచ్చియ్యిరా. కడసారి చూసుకుంటా" అంది పేరమ్మ.

సుబ్బు ఒడ్డు వెంట ఉన్న స్టేషన్లన్నీ తిరిగాడు. పదకొండో రోజున, తడ దాటి తమిళనాడులో ఒక స్టేషన్లో, తెలుగొచ్చిన కానిస్టేబుల్ ఫొటో చూపించాడు.

నీలం జెర్సీ. ఉత్త మొలతాడు.

"మూడు దినాలు చూసినాం. ఎవురూ రాలా. పూడ్చేసినాం."

సుబ్బుకు ఏడుపు రాలేదు. అసలేమీ అనిపించలేదు. ఫ్యాను తిరుగుతోంది, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అమ్మకు ఏం చెప్పాలన్నది కూడా తోచలేదు.

ఫ్యాను వైపు చూస్తూనే అడిగాడు. "పూడ్చేటప్పుడు ఎవురన్నా ఉన్నారా సార్?"

"ఉన్నాడబ్బా. రూపాయి బిళ్ళలు కోసే ముసలాయన, మీ ఆంధ్రావాడే. గుర్తు తెలీని శవమంటే చాలు, బస్సెక్కి వచ్చేస్తాడు. మొహం లేదు గదా, ఎవురో ఆయనకీ తెలీలా. నీళ్ళు పోసి, కొత్తగుడ్డ కప్పి, ఆయనే మన్నేసినాడు."

రిజిస్టరు సుబ్బు వైపు తిప్పాడు. పేరుండాల్సిన గడిలో గీత కొట్టి ఉంది. బంధువు గడిలో తెలుగులో ఉంది: సమాధానం, తండ్రి.

"తండ్రా?" అన్నాడు సుబ్బు.

"పదమూడేళ్ళనాడు ఆయన కొడుకు సముద్రంలో పోయినాడు, ఆ పిల్లోణ్ణి ఏ ఊళ్ళో ఎవురు పూడ్చినారో ఈరోజుకీ తెలీదు గాని, పేరు లేకుండా వచ్చినోళ్ళందరికీ ఆయనే తండ్రని రాస్తాడు" అన్నాడు కానిస్టేబుల్.