అయిదో సీసా

"అట్ట మీద రాసిందొకటి, గిలాసల పోసిందొకటి. నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా సేటు?"

సదాశివ అట్ట మీద రాసిన మందు ధరల పట్టికను బల్ల మీదికి విసిరాడు. రామ్‌కిషన్‌కు గుండె జారిపోయింది. జారదా మరి. ఉన్నదంతా ఊడ్చి జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కన మాంసం హోటలు పెట్టుకున్నాడు. ఈ సదాశివ షోలాపూర్ నుంచి వచ్చిన రోడ్డు గుత్తేదారు. పని ఏడాది సాగుతుంది. ఇంజనీర్లు, మేస్త్రీలు కలిసి ముప్ఫై మంది. వాళ్లంతా రోజూ ఇక్కడే తింటారా, చిరాగ్‌పల్లి దిక్కు ఇంకో హోటలు చూసుకుంటారా అన్నది ఈ పూటే తేలాలి. వాళ్లు రాకపోతే హోటలుకు తాళం వేసుకోవడమే.

రాతిబండ మీద కాల్చిన మాంసానికి సదాశివ వంక పెట్టలేదు. రెండు పళ్లేలు ఖాళీ చేశాడు కూడా. గొడవంతా మందు దగ్గరే. అప్పట్లో వాళ్ల షోలాపూర్ దిక్కు మందు బందు. సరిహద్దు దాటి ఇక్కడ కూర్చున్నదే దానికోసం, అదీ కల్తీదైతే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

"మా దగ్గర కల్తీ మాటే లేదు సావుకార్," అన్నాడు రామ్‌కిషన్.

"అయితే నువ్వు తాగి చెప్పు."

"కామెర్లయి లేచిన. చుక్క కూడా ముట్టొద్దని డాక్టర్ చెప్పిండు."

"తెల్సినోన్ని ఎవరినన్న పిలువు మరి. ఏది అసలుది, ఏది ఆ ధరకు తగింది, నా ముంగటనే తేలాలె."

తెలిసినవాణ్ణి ఎక్కడినుంచి తెస్తాడు? రామ్‌కిషన్ అటూ ఇటూ చూస్తుంటే, రొట్టెలు తెచ్చిపెట్టిన సీతాబాయి గ్లాసు వాసన పసిగట్టి, తల వంచుకునే మెల్లగా అంది. వంటింట్లో మసాలా నూరడానికి పది రోజుల కిందట చేరిన మనిషి.

"గది బ్రాందీ కాదయ్యా. రమ్ముల నీళ్లు పోసి, మాడిన బెల్లం కలిపిన్రు."

రామ్‌కిషన్ కళ్లెర్రజేశాడు. నా ఉప్పు తింటూ నా కొంపే ముంచుతుందా ఇది, అనుకున్నాడు. సదాశివ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నీకెట్ల తెల్సమ్మా? తాగుతవా?"

"నేనెందుకు తాగుతనయ్యా. మా ఆయన లారీల మీద పోతుండె. ఏ ఊర్ల ఏం తాగిండో గడపల కాలు పెట్టంగనే నాకు తెల్సిపోతుండె."

"గట్లనా. మిగిలినయి కూడా చూడు జర."

రామ్‌కిషన్ కాదనలేకపోయాడు. సీసాలు వచ్చాయి. సీతాబాయి పెదవి తడపలేదు. అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుని, రుద్ది, వాసన చూసేది.

"రమ్ము మంచిదే. రాసిన ధరకు తగిందే." విస్కీ దగ్గర మొహం ముడుచుకుంది. "మూత తీసి మళ్ల పెట్టిన్రు. సగం నీళ్లే." ద్రాక్ష వైనును చూసి ఆలోచించనే లేదు. "గిది పులిసిపోయింది. పారబోసుడే."

ఒక్కో మాటకు రామ్‌కిషన్ చెవులు ఎర్రబడ్డాయి. సరుకు తెచ్చిన ఏజెంటును నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, పెన్సిలు తీసి పట్టికలో రెండు కొట్టేశాడు, ఒకదాని ధర తగ్గించాడు. అదే అతనికి కలిసొచ్చింది. సదాశివ మెత్తబడ్డాడు.

"ఇప్పుడు నియ్యత్‌గా ఉన్నవ్ సేటు. ఒక్కటన్న గట్టి సరుకుంటే మా వాళ్లందర్నీ రేపట్నుంచే తోలుకొస్త."

రామ్‌కిషన్‌కు ప్రాణం లేచొచ్చింది. లోపలికి పోయి అయిదో సీసా తనే తెచ్చాడు. పట్టికలో అన్నిటికన్నా ఎక్కువ ధర దానిదే: హోటల్ స్పెషల్. ఇది ఏ ఏజెంటు దగ్గరా కొన్నది కాదు. వెనక గదిలో తన చేతులతో కలిపింది. ఘాటు కోసం రంగుల దుకాణం నుంచి ఒక డబ్బా స్పిరిటు తెచ్చి పోశాడు గానీ, అది ఎవరికి చెప్పే మాట? పోయిన నెల లారీలు ఆగేచోట పది సీసాలు అమ్మించి చూశాడు. పదీ పోయాయి. బాగాలేదని ఒక్కడూ తిరిగిరాలేదు.

సదాశివ గ్లాసులో పోయించుకున్నాడు. సీతాబాయి అరచేతిలో నాలుగు చుక్కలు పడ్డాయి.

ఆమె వాసన చూసింది. ఇంకోసారి చూసింది. చీర కొంగుతో అరచెయ్యి గట్టిగా తుడుచుకుని, సదాశివ ముందున్న గ్లాసును బల్ల అవతలి అంచుకు జరిపింది.

రామ్‌కిషన్ ఆమె వైపు వంగాడు. "ఏమైంది? బాగుందని చెప్పవేం?"

"ఎవరు చేసిన్రు సేటు దీన్ని?"

"ఎవరు చేస్తే నీకెందుకు? ధరకు తగిందా కాదా, గంతే చెప్పు."

సదాశివ గ్లాసు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఇంతకుముందు ఈ వాసన ఎరుకేనా అమ్మా నీకు?"

"ఒక్కసారే చూసిన," అంది సీతాబాయి, రామ్‌కిషన్ మొహంలోకి చూస్తూ. "పోయిన నెల. మా ఆయన పీనుగుకు తానం పోసి, నోరు తుడిచినప్పుడు."