మూడు చేతులు మారిన బండి

"అయిదేళ్లకి ముగ్గురు సేతులు మారినాదంటే ఈ బండికి ఏటో రోగం ఉన్నాది మాస్టారూ. అదేటో ముందు సెప్పండి."

గంగులు మొహం మీదే అలా అడిగేసరికి ఇమ్మానుయేలు మాస్టారు నీళ్లు నమిలారు. టెక్కలిలో ఆయన ఇంటి ముందు, ఆ ఏడు సీట్ల తెల్లబండి కడిగి తుడిచి నిలబెట్టి ఉంది. దానికి రోగమేమీ లేదనీ, కాలునొప్పులతో తాను నడపలేకపోతున్నాననీ ఆయన మళ్లీ పాత పాటే పాడారు.

గంగులు నమ్మలేదు. వచ్చిన దగ్గర్నుంచీ అతను ఆ బండిని జల్లెడ పడుతూనే ఉన్నాడు. ఇంజను చల్లగా ఉండగానే స్టార్టు చేయించి పొగ రంగు చూశాడు. ఆయిల్ మూత తీసి లోపల వేలు పెట్టి చూశాడు. జేబులో తెచ్చుకున్న అయస్కాంతం ముక్కని తలుపుల మీదా బానెట్ మీదా పాకించాడు. గుద్దేసిన చోట పుట్టీ పెట్టి రంగేస్తే అక్కడ అది అంటుకోదు. అన్నిచోట్లా అంటుకుంది. మీటరు వెనక్కి తిప్పేశారేమోనని పెడళ్ల రబ్బరు అరుగుదల చూశాడు. హైవే ఎక్కించి గట్టిగా బ్రేకు తొక్కితే బండి గీత గీసినట్టు నిలబడింది. ఒక్క వంకా దొరకలేదు. వంక దొరక్కపోవడమే అతని ప్రాణం తోడేస్తోంది. ఇంత మంచి బండిని ఎవడన్నా వదులుకుంటాడా? అదీ ఒకడు కాదు, ముగ్గురు!

అతని భయం ఊరికే పుట్టింది కాదు. మొన్నటి వానల్లో భార్య రాజకుమారిని డయాలసిస్‌కి తీసుకెళుతున్న ఆటో కాలవ గట్టు మీద ఆగిపోయింది. ఊపిరందక ఆమె బురదలోనే కూలబడింది. దేవుడు పంపినట్టు ఓ ట్రాక్టరు రాబట్టి దక్కింది. ఇంకోసారి ఇలా ఆలస్యమైతే తన చేతుల్లో లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇక ఆమెని ఆటో ఎక్కించనని ఆ రోజే గంగులు ఒట్టు పెట్టుకున్నాడు.

కానీ ఈ సంగతి మాస్టారికి చెప్పలేదు. ఊరూరా కిడ్నీ జబ్బులున్న తమ ఉద్దానంలో ఇలాంటివి పైకి చెప్పుకోరు. ఇంట్లో కిడ్నీ జబ్బుందని పొక్కితే చుట్టాలు ఆ ఇంటి మంచినీళ్లు ముట్టుకోవడానికి జంకుతారు, కొడుక్కి పిల్లనివ్వరు. అందుకే బండి దేనికని మాస్టారు అడిగితే, ఇంటిల్లిపాదీ శ్రీముఖలింగం అవీ తిరిగి రావడానికన్నాడు. సూదులు గుచ్చి గుచ్చి భార్య ఎడమచేతి మీద ఉబ్బిపోయిన నరాన్ని చెంగుతో కప్పుకోమని దారిలోనే చెప్పాడు.

బండిలో కనిపించిన చిన్న లోపమల్లా ఒక్కటే. మధ్య వరసలో కిటికీ పక్క సీటు వెనక్కి వాలిపోయి ఉంది. ఎన్నాళ్లు అలా ఉంచేశారో గానీ, ఎంత లాగినా పైకి రాదు. ఎక్కడానికి ఓ చిన్న కొయ్య పీట కూడా బండిలోనే ఉంది. ఆ పీట మీద కాలు పెట్టి ఎక్కిన రాజకుమారి హైవే మీదికి వెళ్లి వచ్చాక మరి దిగలేదు.

"మావా, ఈ సీటు నాకోసమే వాల్చినట్టున్నాది. నడుం నొప్పి తెలీట్లేదు" అని అక్కడే కళ్లు మూసుకుంది.

ఇంట్లో మంచం మీద పట్టని నిద్ర ఆమెకి ఆ సీట్లో పట్టేసింది. అది చూసి గంగులు గుండె చెరువైపోయింది. ఈ బండి కొనాలి. కొంటే ఏ వాగు దగ్గర మోసం చేస్తుందో తెలీదు. ఎటూ తేల్చుకోలేక అతను టైర్లని మళ్లీ కాలితో తన్ని చూశాడు.

మంచినీళ్ల గ్లాసుతో వచ్చిన మాస్టారు కిటికీలోంచి లోపలికి చూసి ఆగిపోయారు. నిద్రలో రాజకుమారి చెంగు జారిపోయింది. ఆయన చూపు ఆ ఎడమచేతి మీదే నిలిచిపోయింది.

"బండి అమ్మను గంగులూ. అమ్మాయిని లేపి తీసుకెళ్లిపో" అన్నారు.

ఇంతసేపూ కొనమని వెంటపడ్డ మనిషి ఇప్పుడు వద్దంటున్నాడంటే ఇంకేముంది? జబ్బు మనిషిని చూసి జాలేసి, బండిలోని మోసం ఎక్కడ మెడకు చుట్టుకుంటుందోనని వెనక్కి తగ్గాడన్నమాట. గంగులుకి ముందు కోపమొచ్చింది. నానా మాటలూ అన్నాడు. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. చుట్టుపక్కల బళ్లన్నీ చూసేశాడు, ఇక వెతికే ఓపిక లేదు. పీట మీద కూలబడి, దాచిందంతా కక్కేసి, చేతులు జోడించాడు.

"మీరు దేవుణ్ణి నమ్ముకున్నోలు మాస్టారూ. ఒక్క మాట నిజం సెప్పండి. ఇది దారిలో ఆగిపోతాదా? ఆగితే నా ఇంటిది బతకదు."

మాస్టారు బండి తలుపుని ఆనుకున్నారు. రాజకుమారి నిద్ర చెడకుండా గొంతు బాగా తగ్గించారు.

"ఒక్కనాడూ ఆగలేదు తమ్ముడూ. మొదటాయన కూతుర్నీ, రెండో ఆయన తమ్ముణ్ణీ, నేను మా ఆవిడ స్వర్ణనీ ఆ సీట్లోనే డయాలసిస్‌కి తిప్పాం. ఆ సీటు ఖాళీ అయ్యాకే ముగ్గురం అమ్మకానికి పెట్టాం."