పడమటి గాలి

"ఆగరా!"

బెనీల్దె కర్ర అడ్డం పెట్టింది. పరుగెత్తుకొస్తున్న కుర్రాడు తూలి, రాతిగోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. శనివారం శనివారం పట్నం నుంచి వచ్చి, రాళ్ళ మీద వేసిన పసుపు గీతల వెంట ఊరు దాటి, బెనీల్దె గొర్రెల బీడులోంచి ఏటి దాకా పోయి తిరిగి పరుగెత్తుకొచ్చే కుర్రాళ్ళలో ఒకడు. పేరు హెర్మాన్.

"ఏమైంది, సెన్యోరా?"

"ఏమైందా? కళ్ళు పెట్టి చూడు!"

తారు రోడ్డు పక్కన గొర్రె పడి ఉంది. సూడి గొర్రె. లారీ గుద్ది పోయింది. దాని తల మీద బెనీల్దె తన తలగుడ్డ కప్పింది.

"బీడు గేటు తీసి పోతే మూడు రోడ్డెక్కాయి. మీకు కాళ్ళిచ్చిన దేవుడు చేతులివ్వలేదా?"

"నేను తీయలేదండీ. ముందు పోయినవాళ్ళెవరో తీసినట్టున్నారు. నేనొచ్చేసరికే బార్లా ఉంది. తెరిచి ఉంటే తెరిచినట్టు, మూసి ఉంటే మూసినట్టు వదిలేయాలని మీ ఊళ్ళోనే చెప్పారు. అందుకని..."

ఎదురింటి అరుగు మీద సిగరెట్టు చుట్టుకుంటున్న గౌదెన్సియో తలెత్తాడు. "చెప్పింది నేనే. తాతలనాటి పద్ధతి అదేగా, బెనీల్దె. కుర్రాడి తప్పేముంది?"

"నువ్వు నోరు మూసుకో! పద్ధతట పద్ధతి! చచ్చింది నీ ఆవు కాదు కదా, ఎన్నయినా చెబుతావు."

ఆమెకు మిగిలింది ఆ నలభై గొర్రెలే. ఆ పాలతో జున్ను చేసి అమ్ముకుంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె కర్ర మొనతో కుర్రాడి రొమ్ము మీద పొడిచింది.

"విను. ఎవడు తీశాడో నాకనవసరం. తెరిచి ఉండనీ, మూసి ఉండనీ, నువ్వు దాటాక ఆ గేటు మూసి ఉండాలి. ఇంకోసారి తెరిచి కనపడిందా, నీ కాళ్ళు విరగ్గొట్టి ఆ బూట్లు మా కుక్కకేస్తా!"

"మూస్తానండీ. మా అమ్మ మీద ఒట్టు." కుర్రాడి మొహం పాలిపోయింది. "ఈ గొర్రెని ఇంటిదాకా మోసుకు రానా?"

"నీ సాయం తగలెయ్య! పో, పరుగెత్తు. దానికేగా పుట్టావు!"

గౌదెన్సియో చుట్టిన సిగరెట్టు వెలిగించుకున్నాడు.

మళ్ళీ శనివారం. మధ్యాహ్నం పట్నం నుంచి వస్తున్న బస్సుని ఏటి వంతెన మీద ఆపేశారు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తున్న బెనీల్దె దిగి చూసింది. కొండ మీద నుంచి మంటలు దిగుతున్నాయి. ఊరు మొత్తం వంతెన మీదే ఉంది. ఉన్న ముప్పై మందీ మూటలూ పిల్లులూ పట్టుకుని నిలబడ్డారు.

"దారి వదులు!" అడ్డు నిలిచిన పోలీసుని ఆమె రెండు చేతులా నెట్టింది. పక్క ఊరివాడే. "వదలరా! చిన్నప్పుడు నీకు జున్ను తినిపించిన చేతులివి."

"బెనీల్దె అత్తా, రోడ్డుకి రెండు వైపులా మంటలే. నువ్వు వెళ్తే మళ్ళీ రావు. నా మాట విను."

నెత్తి మీదుగా మంటలార్పే నీళ్ళ విమానం పోయింది. ఆమె దానికేసి పిడికిలి ఊపింది.

"ఇప్పుడొచ్చావా! మందలన్నీ అమ్ముకుపోతున్నప్పుడు ఎక్కడున్నార్రా మీరంతా? మేసేవి లేక పొదలు మనిషెత్తు పెరిగాయి. అవి మేయడానికి విమానాలు పంపిస్తారా?"

"మమ్మల్నెందుకే తిడతావు?" అంది ఎవరో ముసలామె.

"నిన్ను కాక ఎవర్ని తిట్టాలి? నీ కొడుకు కాదూ అందరికంటే ముందు మంద అమ్మింది!"

గౌదెన్సియో ఆమె భుజం పట్టి పక్కకి లాగాడు. వాడి కనుబొమలు సగం కాలి ఉన్నాయి.

"గొర్రెలో?" అన్నాడు మెల్లగా.

"నేనేమన్నా పట్నందాన్నా? పోర్చుగల్ వైపు నుంచి పడమటి గాలి లేచిన రోజు ఈ ఊళ్ళో ఎవరైనా పశువుని మూసిపెడతారా? తెల్లారకముందే గేటు బార్లా తీసి, రాయి అడ్డం పెట్టి మరీ బస్సెక్కాను. పొగ వాసన తగలగానే ముసలి గొర్రె ఏట్లోకి దిగుతుంది, తక్కినవి దాని వెనకే. ఈపాటికి ఎగువ మడుగులో మోకాలి లోతున నిలబడి నన్ను తిట్టుకుంటూ ఉంటాయి."

"బతికించావు. నేనూ ఆవుల్ని అట్లాగే వదిలాను."

బెనీల్దె వంతెన పిట్టగోడ మీద కూలబడింది. వారం రోజులుగా ఆమె రొమ్ములో రగులుతున్నది ఇప్పుడు కాస్త చల్లారింది. ఇల్లు పోతే పోయింది. రాతిగోడలు నిలుస్తాయి, పైకప్పు మళ్ళీ వేసుకోవచ్చు. మంద ఉంటే చాలు.

జనంలోంచి హెర్మాన్ వస్తూ కనిపించాడు. ఊరివాళ్ళతో పాటు వాడినీ వంతెన మీదికి తరిమినట్టున్నారు. మొహమంతా మసి. చేతినిండా నీళ్ళ సీసాలు పెట్టుకుని ముసలివాళ్ళకి పంచుతున్నాడు. ఆమెని చూసి ఆగిపోయాడు.

"రారా, కొట్టనులే," అంది బెనీల్దె. సీసా అందుకుని గడగడా తాగింది. "ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. కడుపుమంట. మనసులో పెట్టుకోకు."

కుర్రాడి మొహం వెలిగిపోయింది.

"అయ్యో, భలేవారే సెన్యోరా! నేను మాట తప్పలేదు. పొద్దున మీ గేటు మళ్ళీ బార్లా ఉంటే, రాయి తీసేసి మూసి, ఈ గాలికి ఎక్కడ తెరుచుకుంటుందోనని నా బూటు లేసు ఊడదీసి రెండు ముళ్ళు వేసి మరీ వచ్చాను."