తెచ్చినవాడే తీసుకెళ్లాలి

"తెచ్చినవాడే తీసుకెళ్లాలి చెల్లీ. నువ్వు తీసుకెళ్తానంటే కుదరదు," అన్నాడు థవిన్, కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోస్తూ.

లావోస్‌లోకి దాటించే మెకాంగ్ నది వంతెనకు థాయ్ వైపు గేటులో పదిహేనేళ్లుగా అదే కుర్చీ అతనిది. బయటి దేశపు బండి లోపలికొస్తే నెల రోజుల అనుమతి. ఎవరి పేరున వచ్చిందో ఆ మనిషితోనే తిరిగి పోవాలి. ఈ విషయంలో సొంత బావమరిదినైనా వదలడని థవిన్‌కి పేరు. ఆ పేరంటే అతనికి కాస్త ముద్దు కూడా.

"మా నాన్న బండిలోనే ఉన్నాడన్నా," అంది బువావన్. "సీఫన్. కాగితం మీద ఉన్నది ఆయన పేరే."

"ఉంటే దిగొచ్చి సంతకం పెట్టమను."

"దిగలేడు."

"గడువు ఇవాళ్టితో సరి. నాలుగున్నర దాటితే బండి మా షెడ్డులోకి పోతుంది. ఆఖరి రోజుదాకా ఏం చేస్తున్నట్టు? బొప్పాయి పచ్చడి దంచుకుంటూ కూర్చున్నారా?"

బువావన్ నవ్వలేదు. "నెలంతా ఆసుపత్రిలోనే ఉన్నామన్నా. ఇంటికి తీసుకెళ్లిపొమ్మని పొద్దున చెప్పారు."

థవిన్ నాలుక కరుచుకున్నాడు. అయినా రూలు రూలే కదా. ఇంకు ప్యాడ్ చేతపట్టుకుని లేచాడు.

"పద, వేలిముద్రైనా వేయించుకుంటా."

లావోస్ నంబరున్న పాత పికప్ ఎండలో ఆగి ఉంది, ఇంజను ఆపకుండా. ముందు సీట్లో వెనక్కి వాలి ఒక ముసలాయన. నల్ల కళ్లజోడు, మెడదాకా గళ్ల కండువా, మణికట్ల నిండా రక్షగా కట్టిన తెల్లదారాలు. ఏసీ ధాటికి అద్దాలు చెమ్మగిల్లాయి.

"నిద్రా?"

"లేపకన్నా. రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగాడు. తెల్లవారాకే తగ్గింది."

"ఇలాంటి మనిషిని పెట్టుకుని ఈ డొక్కు బండిలోనా? దీన్ని ఇక్కడే ఉంచేసి హాయిగా బస్సులో వెళ్లండి. ఆయన తేరుకున్నాక వచ్చి తీసుకెళ్తాడు."

"బస్సులో ఎలా ఎక్కించనన్నా?" అంది బువావన్. "ఈ బండి నడుపుకుంటూనే వచ్చాడు. ఇందులోనే ఇంటికి తీసుకెళ్లమని నెలంతా ఒకటే పోరు. మాటిచ్చాను. అక్కడ అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంటుంది."

వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. థవిన్ చుట్టూ తిరిగి ముసలాయన వైపు తలుపు దగ్గరికొచ్చాడు. ఈలోగా బువావన్ తన సీట్లోకి ఎక్కి తండ్రి చెవి దగ్గరికి వంగింది.

"నాన్నా, ఇంకా గేటు దగ్గరే ఉన్నాం. అన్న కాగితాలు చూస్తున్నాడు. వంతెన ఎదురుగానే ఉంది. నువ్వు ఎటూ పోకు, నాతోనే ఉండు."

థవిన్ చెయ్యి తలుపు పిడి మీదే ఆగిపోయింది.

"దారంతా ఇలాగే చెబుతూ వచ్చావా?"

"అవునన్నా. ప్రతి కాలవ దగ్గరా, ప్రతి మలుపులోనూ."

"వింటున్నాడా?"

"వింటున్నాడనే అనుకుంటున్నా."

థవిన్ ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల దించుకుంది. గడియారంలో నాలుగూ ఇరవై. అతను ఇంకు ప్యాడ్ మూసి జేబులో పెట్టుకున్నాడు. కాగితాన్ని బానెట్ మీద పరిచి, సంతకం ఉండాల్సిన చోట తన చేతి రాతతో రాశాడు: 'తెచ్చిన వ్యక్తి ఇదే బండిలో తిరిగి వెళ్తున్నాడు. నేను స్వయంగా చూశాను.' లోపలికెళ్లి ముద్ర కొట్టి తెచ్చాడు.

"వేలిముద్ర?" అంది బువావన్ నమ్మలేనట్టు.

"అక్కర్లేదు. వంతెన దాటేటప్పుడు మీ దేశపు పద్ధతిలో రోడ్డుకి కుడివైపుకి మారడం మర్చిపోకు. అవతలి గేటువాళ్లకి నేను ఫోన్ చేస్తాను, ఆపరు."

ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. థవిన్ టోపీ తీసి, ముసలాయన వైపు కిటికీలోకి వంగాడు.

"పెద్దాయనా, వంతెన వచ్చింది. కింద నది ఉంది, అక్కడ ఆగిపోకండి. కూతురి వెంటే వెళ్లండి."

ఇలాగే, ఆత్మ దారి తప్పకుండా ప్రతి వంతెన దగ్గరా చెబుతూ, థవిన్ నిరుడు తన తల్లి శవాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.