గుమ్మానికి కట్టిన కుబుసం

ఆ నారాయణుడు మిమ్మల్ని చల్లగా చూడాలి! కాస్త దగ్గరికి జరగండి, చెబుతాను.

మద్దిచెట్టు తొర్రలో వరాలమ్మ అనే గోరింక మూడు గుడ్లు పెట్టింది. దొంగల భయంతో, పాము విడిచిన కుబుసం ఒకటి ఏరి తెచ్చి గుమ్మానికి వేలాడదీసింది. ఇక కాకి కూడా అటు తొంగి చూస్తే ఒట్టు!

"భలే ఉందే వదినా!" అంటూ కింది తొర్రలోని ఉడత తనూ ఒకటి తగిలించుకుంది. చిలక ఊరుకుంటుందా? రెండు తగిలించింది! వారం తిరిగేసరికి చెట్టంతా కుబుసాలే. ఒకరి గడప ఒకరు తొక్కడమే మానేశారు.

ఒక మధ్యాహ్నం జెర్రిపోతు ఒకటి అటుగా వచ్చింది. "అబ్బో, ఇదంతా మనవాళ్ల పేటే!" అని మురిసిపోయి, పైకి పాకి, వరాలమ్మ గుమ్మం ముందు ఆగి పిలిచింది.

"అన్నయ్యా, ఉన్నావా? చుట్టాన్ని వచ్చాను. గుడ్డో గిడ్డో ఉంటే పెట్టు!"

వరాలమ్మ గుడ్ల మీద బోర్లా పడి స్వామిని తలచుకుంది. గోరింకకు ఎవరి గొంతైనా పలుకుతుంది కదా! లోపలినుంచి ముంగిసలా గుర్రుమంది.

"రావయ్యా! మీ అన్నయ్యను ఇప్పుడే తిని తోలు ఆరేశాను. ఆకలి సగమే తీరింది."

జెర్రిపోతు చెట్టంతా వేలాడుతున్న తోళ్లను మళ్లీ చూసింది. "అమ్మో, వంశమంతానా!" అంటూ జారిపడి, తనకు కాళ్లు లేవన్న సంగతే మరిచి పరిగెత్తింది.

వరాలమ్మ కుబుసం పీకి పారేసింది. ఉడత తల బయటపెట్టి, "మరి మనకు కాపలా ఎవరు వదినా?" అంది.

"పైన స్వామి ఉన్నాడు, కింద నువ్వున్నావు. నేను అరిస్తే పలుకు తల్లీ, చాలు!"