పైపు లాగొద్దన్న మనిషి

పొద్దుటి నుంచి మూడు ఆపరేషన్లు. మధ్యాహ్నం మూడు దాటింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

రక్తనాళాలు కుట్టే పెద్ద డాక్టరు అప్పుడే క్యారేజీ మూత తీశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫోన్ మోగింది.

"సార్, డయాలిసిస్ కోసం ఒక పెద్దావిడ మెడలో పైపు వేశాను. సిరలోకి వెళ్లాల్సింది ధమనిలోకి వెళ్లింది." ఐసీయూ నుంచి జూనియర్ డాక్టరమ్మ.

"లాగేశావా?"

"లేదు సార్. అలాగే ఉంచాను."

"బతికించావు. వస్తున్నా."

మూత మళ్లీ పెట్టేశాడు. ఒకరు చేసిన చిల్లికి తాను మాటు వేయడం, ఇదే బతుకైపోయిందని విసుక్కుంటూ లేచాడు.

ఐసీయూ గుమ్మంలో సెక్యూరిటీవాడు ఒక గడ్డం మాసిన మనిషిని రెక్క పట్టుకుని బయటికి నడిపిస్తున్నాడు. డాక్టర్ని చూసి ఆ మనిషి ఆగాడు.

"సార్, ఆ పైపు..."

"తర్వాత బాబూ, తర్వాత," అని డాక్టరు లోపలికి వెళ్లిపోయాడు.

మెడ తెరిచి, ధమనిని పైనా కిందా బిగించి, కళ్లెదుటే పైపు తీసి, చిల్లికి నాలుగు కుట్లు వేసేసరికి గంటన్నర పట్టింది.

మత్తు దిగాక పెద్దావిడ నీరసంగా, "మా చెల్లెలేదీ?" అని అడిగింది.

మాట పడిపోలేదు. చెయ్యీ కాలూ ఆడుతున్నాయి. డాక్టరమ్మ గోడకు ఆనుకుని ఏడ్చేసింది.

"ఊరుకో. లాగేసి ఉంటే మెడ లోపల నెత్తురు నిండి ఊపిరాగిపోయేది. మంచి పని చేశావు."

"నేను కాదు సార్. నేను లాగేయబోయాను. ఏదో కాగితం మీద సంతకానికని నిలబడ్డ ఒకాయన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. 'లాగకమ్మా, కుట్టే డాక్టర్ని పిలువు' అన్నాడు. నాకు ఒళ్లు మండి బయటికి పంపించేశాను."

"ఆయనెవరు? డాక్టరా?"

"తెలీదు సార్."

ఎవరైనా సరే, చేతులు పట్టుకుని ఒక మాట చెప్పాలనిపించింది డాక్టరుకి. అలసట మరిచి బయటికి వచ్చాడు. వరండా ఖాళీగా ఉంది.

"ఇందాకటి మనిషి ఏడీ?" అని హెడ్ నర్సుని అడిగాడు.

"వెళ్లిపోయాడు సార్. భార్య మరణ పత్రం కోసం వచ్చాడు. సంతకం కూడా కాలేదు."

"భార్యా?"



"పోయిన నెల ఈ వార్డులోనే పోయింది సార్. 'పైపు లాగకుండా నన్ను పిలిచి ఉంటే బతికేది' అని మీరే ఆయనతో చెప్పారు."